ఏడు డిగ్రీల బాకీ

ముప్పయ్యొక్క ఏళ్ళుగా
కాశిమేడు ఐస్ ప్లాంటులో గడ్డలు లెక్కపెడుతున్నాను.
ఒక్కోటి యాభై కిలోలు. కొక్కెం దిగితే కిర్రుమంటుంది,
మిల్లులో పడితే పొడి.
పొడి మీద వంజరం, శంకరా, రొయ్య.
నాకు తెలిసిన చలికి చేపల వాసన.

అలాంటి నన్ను పట్టుకుని తాయారు
ఆశ్వయుజం వానలో, కరెంటు పోయిన రాత్రి,
"ఊరికే పడే మంచు చూడాలయ్యా" అంది.
ఊరికే, అంటే
మోటారు లేకుండా, అమ్మోనియా లేకుండా,
బిల్లు లేకుండా.

వెతికి వెతికి టాలిన్ అనే ఊరు పట్టింది.
చుట్టూ గోడ కట్టిన పాత పట్నం. ఎర్ర టోపీల బురుజులు.
ఆరు వందల ఏళ్ళ నాటి మందుల షాపు ఒకటి ఉందట.
"మీ బీపీ మాత్రలు మర్చిపోయినా భయం లేదు."
డిసెంబరులో మూడున్నరకే పొద్దు గూకుతుందట.
"మరి సాయంత్రం టిఫిను ఎన్నింటికి?" అన్నాను.
నవ్వలేదు. నోటుపుస్తకంలో రాసుకుంది:
టిఫిను, అడగాలి.

పాల లెక్క రాసే పుస్తకం అది.
ఎడమ పేజీలో ఆవిన్ నీలం ప్యాకెట్లు,
కుడి పేజీలో విమానం, వీసా, ఉన్ని మేజోళ్ళు,
ఆవకాయ, దాని మీద గీత,
కింద మళ్ళీ ఆవకాయ.
చీటీ డబ్బు అక్కడి దాకా వెళ్తుంది.
తిరిగి రావడానికే కాస్త తక్కువ.

"ఆలూ లేదు చూలూ లేదు" అని నవ్వాడు
మా బావమరిది దామోదరం.
ఆ పూట వాడి కాఫీలో చక్కెర పడలేదు.

బర్మా బజారులో కోటు దొరికింది, ఎవరో వేసి విడిచింది.
లోపలి జేబులో మడతపడ్డ ట్రాం టికెట్టు,
మనకి రాని అక్షరాలు.
మాకంటే ముందే మంచు చూసొచ్చిన కోటు.
టికెట్టుని పారెయ్యనివ్వలేదు తాయారు.
"ఒకవైపు ప్రయాణం అయిపోయినట్టే" అంది.

వీసా కాగితంలో, ప్రయాణ కారణం అని ఒక గడి.
ఏం రాయను?
ధనుర్మాసం ముగ్గుని తడిపేదీ మంచే,
పులికాట్ దారిలో లారీ దీపాల్ని మింగేదీ మంచే,
నేను కొక్కెంతో ఈడ్చేది కూడా
పుస్తకాల భాషలో మంచుగడ్డే.
మన పెద్దలు ఒక్క మాటతో సరిపెట్టారు,
ఇంట్లో పెద్దగా ఖర్చు కాదనుకున్నారేమో.
గడిలో "చూడటానికి" అని రాశాను.

నిన్న ఆదివారం. తుఫాను హెచ్చరిక, పడవలు కదల్లేదు.
చేప లేనిదే ఐస్ ఎవడిక్కావాలి?
ఖాళీ ప్లాంటుకి తాయారుని తీసుకెళ్ళాను.
కోటు తొడిగి, మఫ్లరు చుట్టి, రెండు జతల సాక్సులతో
గడ్డల గదిలో నిలబెట్టాను.
తలుపు దగ్గర ఏలుమలై వాచీ పట్టుకున్నాడు.
మైనస్ ఐదు.

ఒక నిమిషం. పళ్ళు టకటక.
రెండు. ఊపిరి తెల్లగా బయటికొచ్చింది,
దాన్ని చేత్తో పట్టుకోబోయింది.
మూడు. గోడకి పేరుకున్న తెల్లటి నూగుని
గోటితో గీకి నా నెత్తిమీద చల్లింది.
"అక్కడ ఎంత ఉంటుంది?"
"మైనస్ పన్నెండు ఉండొచ్చు."
"ఇంకా ఏడేగా బాకీ!"
అని, నాలుగో నిమిషం కూడా
బయటికి రానంది.

వచ్చాక ఉక్క, జల్లు, డీజిలు కంపు.
ఆమె కళ్ళద్దాలు రెండూ ఒక్కసారి గుడ్డివైపోయాయి.
రోడ్డు దాటడానికి నా మోచెయ్యి పట్టుకుని
"ఇంత దగ్గర్లో పెట్టుకుని
ఇన్నేళ్ళలో ఒక్కసారీ పిలవలేదేం?" అంది.

టికెట్లు ఇంకా కొనలేదు.
కోటు వరండాలో ఆరేశాం.
ఈ వానకి ఆరేటట్టు లేదు.